చప్ప బూడిద

నా మొదటి గుళికలు ముప్పై ఒకటో గంటలో చచ్చిపోయాయి. రెండోసారి చేసినవి ముప్పై ఆరు గంటలు బతికాయి. ఆ తర్వాత రెండేళ్ళలో పద్నాలుగు సార్లు కొత్తగా చేశాను. ఏవీ నలభై నాలుగు గంటలు దాటలేదు. అవి నూరు గంటలు బతకాలి. అవి బతికితేనే నా పరిశోధన పూర్తవుతుంది, నేను ఆ షెడ్డులోంచి బయటపడతాను.

గుళికలంటే మింగే మందు కాదు. పుస్తకాల్లో దాన్ని ఉత్ప్రేరకం అంటారు. తెల్లటి మట్టిలాంటి పొడిని నీళ్ళతో ముద్ద చేసి, జంతికలు ఒత్తినట్టు ఒత్తి, ఆరబెట్టి, శనగగింజంత ముక్కలు చేసి కొలిమిలో కాల్చేదాన్ని. పత్తికట్టెనో కందికట్టెనో పొట్టు చేసి, గాలి తగలకుండా నైట్రోజన్ పంపుతూ వేడి చేస్తే పొగ లేస్తుంది. ఆ పొగను ఉన్నదున్నట్టు చల్లారిస్తే నల్లటి తారు దిగుతుంది. పుల్లటి కంపు కొడుతుంది. ఇంజన్లో పోస్తే ఇంజనునే తినేస్తుంది. అదే పొగ వేడి గుళికల సందుల్లోంచి పోతే ఆ పులుపు విరిగి, టీ డికాషను రంగులో పలచటి నూనె దిగుతుంది. దాన్ని ఇంకాస్త శుద్ధి చేసి డీజిల్లో కలపవచ్చు. గుళికలు తాము మారకుండా పొగను మార్చాలి. నావి మారిపోయేవి.

మాది గిద్దలూరు. నాయనకు బజారులో బట్టల దుకాణం. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, నగరంలో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి చేరాను. రెండో ఏడాది మా గైడు సారు, కట్టె దొరికే చోటే చిన్న యూనిట్ పెట్టాలని నిర్ణయించారు. పత్తి, కంది, మిరప పంటలు అయిపోగానే మా పడమటి మండలాల్లో కట్టె పీకి చేలోనే తగలబెడతారు. ఎంత కావాలన్నా దొరుకుతుంది. మార్కాపురం శివార్లలో మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. జిల్లాలు విడగొట్టి కొత్త హద్దులు గీయడానికి కొన్నేళ్ళ ముందు మాట ఇది.

"నీ సొంత ప్రాంతం గదమ్మా, నీకన్నా అదృష్టవంతురాలెవరు?" అన్నారు సారు.

నేనూ అలాగే అనుకున్నాను. ఊళ్ళో ఒక గది తీసుకున్నాను. ఆదివారాలు గిద్దలూరు పోయి రావచ్చు. ఆరు నెలల్లో నూరు గంటలు తెచ్చి, ఏడాదిలో థీసిస్ రాసి వెళ్ళిపోతాననుకున్నాను.

షెడ్డు రేకులది. ఎండాకాలం పది గంటలకే కాలిపోయేది. లోపల మనిషెత్తు ఉక్కు గొట్టాలు రెండు పక్కపక్కనే నిలబెట్టి ఉండేవి. గుళికలు నింపేది వాటిలోనే. ఒకదాన్ని విప్పి శుభ్రం చేస్తుంటే రెండోదాన్ని నడుపుకొనే వీలుకోసం సారు అలా చేయించారు. పొగ ఏ గొట్టంలోకి పోవాలో రెండు వాల్వులు తిప్పి మార్చవచ్చు. ఒకసారి పొయ్యి రాజేసి పొట్టు వెయ్యడం మొదలుపెడితే గుళికలు చచ్చేదాకా ఆపకూడదు. రాత్రి వంతుకు ఒక టెక్నీషియన్ వచ్చేవాడు. పగలంతా నేనే. రెండు గంటలకొకసారి కింద సీసా పట్టి, నూనె తీసి, కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోసి పులుపెంతో చూసి పుస్తకంలో రాయాలి. పులుపు పెరుగుతుంటే గుళికలు చస్తున్నట్టు.

షెడ్డుకు కాపలా ఒక ముసలమ్మ. నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆ ఫ్యాక్టరీలోనే ముప్పై ఏళ్ళు పలకలకు అంచులు రుద్దిన మనిషి. బళ్ళలో పలకలు పోయాయి, ఫ్యాక్టరీ పోయింది, ఆమె మాత్రం ఉండిపోయింది. మా సంస్థ వాళ్ళు షెడ్డుతోపాటు ఆమెనూ ఉంచుకున్నారు. పొద్దున్నే ఊడ్చి, మేం పొట్టు వేడి చేశాక మిగిలిన బొగ్గుపొడిని వాకిట్లో పొయ్యిలో వేసి టీ కాచేది. ఆ బూడిదతోనే గిన్నెలు తోమేది.

"ఎన్ని గంటలకు సచ్చినాయి అమ్మీ ఈసారి?" అని అడిగేది, నా ముఖం చూడగానే.

"నలభై రెండు అవ్వా."

"పోయినసారి కంటే ఎక్కువే గదా!"

"తక్కువ. పోయినసారి నలభై మూడు."

గుళికలు రెండు రకాలుగా చస్తాయి. ఒకటి మసి పట్టి. అదేం పెద్ద సంగతి కాదు. కాస్త గాలి పంపి కాలిస్తే మసిపోయి మళ్ళీ లేస్తాయి. రెండోది ఉప్పు పట్టి. చెట్టు నేలలోంచి పీల్చుకున్న పొటాష్ పొగతోపాటు వచ్చి గుళికల్లోకి దిగి, పనిచేసే చోటల్లా కూర్చుంటుంది. అది కాలిస్తే పోదు. నావి చస్తున్నది దానితో. గుళికల్లో ఆ లోహం కలిపి చూశాను, ఈ లోహం కలిపి చూశాను. గట్టిగా ఒత్తి చూశాను, వదులుగా ఒత్తి చూశాను. నాలుగో ఏడు నడుస్తోంది. నాతో చేరినవాళ్ళందరూ డిగ్రీలు పట్టుకుని ఎటు వాళ్ళటు పోయారు.

ఆ వేసవిలో నాకు లెక్చరర్ ఉద్యోగానికి ఉత్తరం వచ్చింది. ఎప్పుడో రాసిన పరీక్ష. ప్రభుత్వ జూనియర్ కాలేజీ. చేరడానికి పదిహేను రోజుల గడువు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. అవి పీహెచ్‌డీకి చేరిన రోజే సంస్థలో పెట్టేశాను. అక్కడ అదే పద్ధతి. ఆఫీసుకు ఫోను చేస్తే గైడు సంతకం కావాలన్నారు. సారుకు ఫోను చేశాను.

"ఇన్నేళ్ళ పని మధ్యలో వదిలేసి ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తావా?" అన్నారు. "నూరు గంటలు తీసుకురా. నేనే సంతకం పెట్టి, నేనే బస్సెక్కిస్తాను."

"గడువు పదిహేను రోజులే సార్."

"ఒక రన్ను నాలుగు రోజులే గదమ్మా."

మాట నిజమే. నాలుగు రోజులకు కాస్త ఎక్కువ, అంతే. ఆ పదిహేను రోజుల్లో రెండు సార్లు నడిపాను. నలభై, నలభై రెండు. గడువు రోజున నాయన ఫోను చేశాడు.

"ఏందమ్మీ, చేరినావా?"

"లేదు నాయనా. సర్టిఫికెట్లు ఇయ్యలేదు."

"మన కాయితాలు మనకియ్యరా? ఇదేం న్యాయం? నేనొచ్చి అడగనా?"

"వద్దు నాయనా."

అవతల ఎవరో చీరల ధర అడుగుతున్నారు. ఆయన వాళ్ళకు ధర చెప్పకుండానే ఫోను పెట్టేశాడు.

మరుసటి నెలలో సారు నుంచి కబురు. యూనిట్‌ను చూడటానికి కమిటీ వస్తోంది. అంతకుముందే పెద్ద రన్ను ఒకటి పూర్తి చేసి గ్రాఫు పంపాలి.

"నలభై రెండు చూపిస్తే షెడ్డు మూసెయ్యమంటారు," అన్నారు ఫోనులో. "అప్పుడు నీ థీసిస్ ఏమవుతుంది?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆ రెండో గొట్టం ఎందుకు పెట్టించానమ్మా?"

"ఒకటి శుభ్రం చేస్తుంటే ఇంకోటి ఆగకుండా నడవడానికి సార్."

"అదీ. ఆగకుండా నడవాలి. గ్రాఫు ఎక్కడా ఆగకూడదు."

అంతే అన్నారు. ఆ మాటను ఆ తర్వాత నేను వెయ్యిసార్లు విప్పి చూసుకున్నాను. అందులో ఏముందో నాకు ఆ రోజే తెలుసు.

సాయంత్రం ఆరింటికి పొయ్యి రాజేశాను. రెండు గొట్టాలూ కొత్త గుళికలతో నింపాను. రెండోది తర్వాతి ప్రయోగానికి అని టెక్నీషియనుకు చెప్పాను. మూడో రోజు పొద్దున పది గంటలకు, నలభయ్యో గంటలో, సీసాలో రంగు ముదిరింది. పులుపు చూశాను. ఎక్కింది. నేను లేచి రెండు వాల్వులూ తిప్పాను. ఇటుది మూశాను, అటుది తెరిచాను. నిమిషం కూడా పట్టలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి పట్టిన సీసా మళ్ళీ డికాషను రంగులో ఉంది. పుస్తకంలో అంకె వేశాను. మధ్యాహ్నం మొదటి గొట్టం చల్లారాక విప్పి, చచ్చినవి తీసి కొత్తవి నింపాను. నాలుగో రోజు సాయంత్రం, రెండోది ఇంకా చావకముందే, మళ్ళీ తిప్పాను. టెక్నీషియను వచ్చే వేళకు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

మొదటిసారి తిప్పినప్పుడు అవ్వ గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని ఉంది.

"ఏందమ్మీ, ఈ గొట్టం ఆపి ఆ గొట్టం తిప్పినావు?"

"శుభ్రం చెయ్యాల అవ్వా."

"ఏ మర తిప్పినా పుస్తకంలో రాస్తావు గదా. దీన్ని రాయలేదే?"

ఆమెకు అక్షరం ముక్క రాదు. ముప్పై ఏళ్ళు పలకలు చేసిన మనిషి, ఒక్క పలక మీదా రాయలేదు. కానీ నేను ఎప్పుడు రాస్తానో ఎప్పుడు రాయనో చూస్తూనే ఉంది. "తర్వాత రాస్తాలే," అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

నూరు గంటల గ్రాఫు చక్కగా వచ్చింది. కమిటీవాళ్ళు ముగ్గురొచ్చారు. వాసనకు ముక్కుకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని గొట్టాల చుట్టూ తిరిగారు. ఒకాయన, అందరికన్నా పెద్దాయన, గ్రాఫు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒక్క నింపుతోనేనా అమ్మా ఇదంతా?"

సారు నా పక్కనే ఉన్నారు. కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"అవును సార్," అన్నాను.

వాల్వులు తిప్పింది చేతులు. అబద్ధం చెప్పింది నోరు. అప్పటిదాకా ఆ గ్రాఫును పరిస్థితి గీసిందనుకుంటూ ఉన్నాను. ఆ తర్వాత అలా అనుకోవడానికీ వీల్లేకపోయింది.

కమిటీ మెచ్చుకుంది. నగరంలో ఇంతకు పదింతలుండే యూనిట్‌కు రెండో దశ మంజూరైంది. నేను సర్టిఫికెట్ల మాటెత్తితే సారు నవ్వారు. "ఇప్పుడెట్లా పోతావమ్మా? ఈ గుళికల సంగతి నీకు తప్ప ఎవరికి తెలుసు? రెండో దశకు నువ్వే ఉండాలి." ఏ అంకె వస్తే వదిలేస్తామన్నారో ఆ అంకే నన్ను పట్టేసింది. మళ్ళీ అదే షెడ్డు. ఈసారి పని ఏమిటంటే నూరు గంటలను ఇంకో రెండుసార్లు చేసి చూపించడం.

రోజూ పొద్దున షెడ్డు తాళం తీస్తుంటే చెయ్యి ఆగేది. సరిగ్గా నడిపితే నలభై వస్తాయి, పాత అంకె అబద్ధమని తేలుతుంది. తేలకూడదంటే మళ్ళీ వాల్వులు తిప్పాలి. కట్టె బాలేదనీ, కరెంటు సరిగా లేదనీ, మోటారు కాలిందనీ సాకులు చెప్పి నెలలు గడిపాను. మోటారు నిజంగానే ఒకసారి కాలింది. ఆ రోజు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

అన్నిటికన్నా కష్టమైంది ఆ పిల్ల ఫోను. నగరంలో సారు దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి. నా గుళికలనే, నేను రాసిచ్చిన పద్ధతిలోనే చేసి చిన్న గొట్టంలో నడుపుతోంది.

"అక్కా, నాకు నలభై గంటలకే పోతున్నాయి. మూడుసార్లు చేశాను. నేనేం తప్పు చేస్తున్నానో చెప్పు అక్కా."

ఆ అమ్మాయి ఏ తప్పూ చేయడం లేదు. అచ్చం నాకొచ్చిందే వస్తోంది.

"నైట్రోజన్ సరిగా పోతోందా? గాలి దూరుతోందేమో చూసుకో," అన్నాను.

వారం తర్వాత మళ్ళీ చేసింది. గొట్టాలన్నీ మార్పించిందట. మళ్ళీ నలభయ్యే. "నా చేతిలోనే ఏదో ఉందేమో అక్కా. సారు కూడా అట్లాగే అంటున్నారు," అంది. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. అయినా చెప్పలేదు. చెప్పాలని నోరు తెరిచి, ఎండలు ఎట్లున్నాయని అడిగాను.

వానాకాలం మొదట్లో గాలివాన వచ్చి, వాకిట్లో కట్టె మీద కప్పిన పట్టా ఎగిరిపోయింది. దొనకొండ వైపు నుంచి తెప్పించిన పత్తికట్టె వామంతా మూడు రోజులు నానింది. ఎండబెట్టి, వేరే దిక్కులేక అదే పొట్టు చేసి వాడాను. ఆ రన్ను మధ్యలో కరెంటు పోయి, గుళికలు ఇంకా చావకుండానే, యాభయ్యో గంటలో ఆగిపోయింది. యాభై అన్న అంకెను నేను పట్టించుకోనేలేదు. అప్పటికి ఏ అంకెనూ నమ్మే స్థితిలో లేను.

నాలుగు రోజుల తర్వాత అవ్వ గిన్నెలు తోముతూ సణుగుతోంది.

"ఏందవ్వా?"

"ఈ బూడిద సప్పగుంది అమ్మీ. జిడ్డు పోవడంలా. మామూలుగా మీ బూడిద చెయ్యి కొరుకుతాది, గిన్నె తళతళ మంటాది. ఇది మట్టితో సమానం."

"బూడిద చప్పగుండేదేంది?"

"వానకు నానిన కంప బూడిద అట్లనే ఉంటాది. మా సిన్నప్పుడు సబ్బులేడియి? బూడిదనీళ్ళతోనే గుడ్డలు ఉతికేది. వానకు తడిసిన కట్టె బూడిదైతే మా అమ్మ తీసుకునేది కాదు. సారమంతా నీళ్ళల్లో పోతాదంట."

నేను వాకిట్లోనే కూర్చుండిపోయాను. చెయ్యి కొరికేదీ, జిడ్డు వదిలించేదీ పొటాషే. నా గుళికలను చంపుతున్నదీ అదే. వాన దాన్ని కడిగేసింది. ఇన్నేళ్ళుగా నేను గుళికలను మార్చుతూ కూర్చున్నాను, కట్టె వైపు చూడలేదు. కట్టెను కడిగితే ఉప్పు తగ్గుతుందని ఎక్కడో చదివే ఉన్నాను. నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్ళో కట్టెను కడగడమేమిటని అప్పుడే పక్కన పెట్టేశాను.

బూడిదను రెండు గ్లాసుల్లో నానబెట్టి చూశాను. పాత బూడిద నీళ్ళు వేళ్ళకు జారుడుగా తగిలాయి. కొత్తదాని నీళ్ళు ఉత్త నీళ్ళలా ఉన్నాయి. మొదట బోరు నీళ్ళతో కట్టె కడిగి నడిపాను. ముప్పై ఎనిమిది. మా బోరు నీళ్ళల్లో ఉన్న ఉప్పులు పోయినదాని స్థానంలో చేరాయి. వాననీళ్ళే కావాలి. వాన మన చేతిలో లేదు.

దొనకొండ దగ్గర మాకు కట్టె ఇచ్చే రైతు ఒకాయన ఉన్నాడు. గట్టు మీద కందికట్టె వాము ఉంటే, వానలు పడేదాకా అక్కడే ఉంచమని అడగడానికి పోయాను.

"నానితే కుళ్ళిపోదా పాపా? అందరూ ఎండుది కావాలంటారు, నువ్వేంది నానింది అడుగుతావు?"

"కుళ్ళకుండా పలచగా పరిచి ఉంచు పెదనాయనా. రెండు మంచి వానలు పడితే చాలు."

"రెండు మంచి వానలా!" అని నవ్వినాడు. "అవి పడితే నేనే నీకు కట్టె మోసుకొచ్చి ఇస్తా."

మొదటి వాన పదిరోజులకు పడింది. రెండోదానికి నెల పట్టింది. ఆ నెలంతా రోజూ ఆకాశం వైపు చూశాను. రైతు బిడ్డను కాను, దుకాణం బిడ్డను. వాన కోసం అలా చూడటం అదే మొదటిసారి.

ఆ కట్టెతో, ఒక్క గొట్టంతో, వాల్వులకు తాళం వేసి తాళంచెవి అవ్వ కొంగుకు కట్టి నడిపాను. అరవై దాటాయి. డెబ్బై దాటాయి. ఎనభై దగ్గర సీసాను వెలుగులోకి తెచ్చి రెండుసార్లు చూశాను. ఎనభై ఎనిమిదో గంటలో పులుపెక్కింది.

ఎనభై ఎనిమిది. పాత నలభై నాలుగుకు సరిగ్గా రెండింతలు. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. అవ్వ సంతోషంతో ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. నా నిజం నా అబద్ధం కన్నా పన్నెండు గంటలు తక్కువ. దాన్ని ఎవరికి చూపించను? నూరు వచ్చిందని ఊరూవాడా చెప్పుకున్నాక ఎనభై ఎనిమిది తెస్తే, చెడగొట్టానంటారు. బాగైందని చెప్పాలంటే మొదట నలభై అని ఒప్పుకోవాలి.

ముందు ఆ అమ్మాయికి ఫోను చేశాను. పగలు, అవ్వ పొయ్యి దగ్గర నిలబడి.

"నీ చేతిలో తప్పేం లేదు. నాకూ నలభయ్యే వచ్చేది. నూరు గంటలప్పుడు నేను మధ్యలో రెండుసార్లు గొట్టం మార్చాను."

అవతల ఏదో మర ఆపిన చప్పుడైంది.

"ఏడు నెలలు అక్కా," అంది. ఫోను పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు బస్సెక్కి నగరం పోయాను. సారు తన గదిలో ఒక్కరే ఉన్నారు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"నేను గొట్టం మార్చమన్నానా?"

"రెండోది ఎందుకు పెట్టించానని అడిగారు సార్."

"అడిగాను. మార్చమని చెప్పలేదు."

"చెప్పలేదు సార్. మార్చింది నేనే."

ఆ మాట కోసం సిద్ధంగా ఉన్నట్టు లేరు. గ్లాసులో నీళ్ళు నావైపు జరిపారు. "నాకింకా రెండేళ్ళే ఉంది సర్వీసు," అన్నారు. "ఈ ఒక్కటీ నిలబడితే చాలనుకున్నాను." అప్పుడు ఆయన ముఖం చూస్తే, షెడ్డులో నా ముఖం ఎలా ఉండి ఉంటుందో తెలిసింది. నేను ఎనభై ఎనిమిది గంటల పుస్తకం ఆయన ముందు పెట్టాను. పేజీలు తిప్పి చూశారు. "వాననీళ్ళా!" అన్నారు. అరక్షణం ఆయనలో పాత మేష్టారు కనిపించారు. తర్వాత పుస్తకం మూసేశారు.

మూడు వారాలు ఏ కబురూ లేదు. తర్వాత సారు కమిటీకి రాశారు. నూరు గంటల ఫలితం మళ్ళీ చేస్తే రాలేదు కాబట్టి వెనక్కి తీసుకుంటున్నామని. అందులో అబద్ధం లేదు, పూర్తి నిజమూ లేదు. ఆ సగం మాటనే నేను అంగీకరించి సంతకం పెట్టాను. పూర్తిగా రాయమని పట్టుబట్టే ధైర్యం అప్పటికి అయిపోయింది. దాని గురించి ఇప్పటికీ నాకు మనసు స్థిమితంగా లేదు.

రెండో దశ ఆగిపోయింది. షెడ్డు ఖాళీ చేశాం. నాయనకు చెప్పడానికి గిద్దలూరు పోతే, దుకాణంలో గుడ్డ మడతలు పెడుతూ విన్నాడు.

"అంటే మనం గుడ్డ తక్కువ కొలిచి ఇచ్చినట్టా?"

"అంతే నాయనా."

"ఎవురైనా కనుక్కున్నారా?"

"లేదు. నేనే చెప్పినా."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం దగ్గర, "చెప్పినావు గదా. తిను," అన్నాడు.

థీసిస్ ఇంకో రెండేళ్ళకు పూర్తయింది. గుళికల గురించి కాదు, కట్టెలో ఉప్పు గురించి. ఎనభై ఎనిమిది గంటల రన్ను అందులో ఒక అధ్యాయం. సర్టిఫికెట్లు చేతికొచ్చేసరికి ఆ పాత ఉద్యోగం ఎవరికో ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడు దర్శిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. అవ్వ వాళ్ళ కూతురి దగ్గరికి కురిచేడు పోయింది. ఒకసారి పోయి చూసొచ్చాను. ఆ బూడిద మాటే ఒక పుస్తకమైందని చెబితే, "బూడిద మీద ఏం రాస్తారమ్మీ అంత?" అని ఆశ్చర్యపోయింది.

పోయిన ఏడు ఆ అమ్మాయి ఫోను చేసింది. మధ్యలో మూడేళ్ళు మాట్లాడలేదు. వానకు నానిన కట్టె వాడి, గుళికల కన్నా ముందు చవకరకం తెల్లమట్టిని ఒక పొరగా పరిచిందట. మిగిలిన కాస్త ఉప్పునూ ఆ మట్టి పట్టుకుంటుంది. మట్టి చస్తుంది, గుళికలు బతుకుతాయి.

"ఎన్ని?" అన్నాను.

"నూట పదహారు అక్కా. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నూరు దాటాయి."

సంతోషం వేసింది. దాని పక్కనే, ఆ మట్టి పొర సంగతి నాకెందుకు తట్టలేదా అన్న కడుపుమంట కూడా వేసింది. రెండూ ఉన్నాయి, దాచడమెందుకు? ఆమె ఇంకా ఏదో చెబుతోంది. లోపల పిల్లలు గోల చేస్తున్నారు. తర్వాత చేస్తానని చెప్పి క్లాసులోకి పోయాను.